బుల్లెబ్బాయి చొక్కా రంగు

లోవరాజుకి రంగులు కుదిరేవి కావు. అతనికున్న కష్టం అదొక్కటే.

జకరయ్య మాస్టారి దగ్గర వీడియో పనికి చేరిన కొత్తలో ఈ కష్టం కూడా లేదు. అప్పుడతను లైటు మాత్రమే పట్టుకునేవాడు. లైటు పట్టుకున్నవాణ్ణి ఎవరూ తప్పు పట్టరు, పెళ్ళికొడుకు కళ్ళల్లోకి కొడితే తప్ప. కెమెరా మాస్టారిది. ఆయన దాన్ని భుజానికెత్తుకుని, తన అరచెయ్యి ఒకసారి లెన్సు ముందు పెట్టి రంగు చూసుకుని, ఒక్క మీట అటో ఇటో జరిపేవారు. ఇక ఆ పెళ్ళి అయ్యేదాకా మళ్ళీ దాని జోలికి పోయేవారు కాదు.

తర్వాత మాస్టారి కళ్ళకి శుక్లాలు వచ్చాయి. అదే సమయంలో రాజమండ్రి నుంచి కొత్త కెమెరా కూడా వచ్చింది. దానికి వెలుగుకొక మీట, రంగుకొక మీట, తెలుపు సరిచూడ్డానికి ఇంకో మీట ఉన్నాయి. ఆ కెమెరాని ఆయన లోవరాజు చేతికిచ్చారు.

లోవరాజు తీసిన మొదటి పెళ్ళి పాలకేంద్రం వీరభద్రం గారి అమ్మాయిది. పీటల మీద పెళ్ళికూతురు కట్టుకున్నది చిలకపచ్చ పట్టుచీర. కేసెట్టులో అది నీలంగా పడింది. మగపెళ్ళివారు కేసెట్టు వేసుకు చూసి, ఆ నీలం చీర సారెలో ఎందుకు పంపలేదని కబురు పెట్టారు. వీరభద్రం గారి భార్య ఆ కబురు విని మంచమెక్కింది. దిగాక నేరుగా స్టూడియోకి వెళ్ళింది.

గోదారి మధ్య మా లంకలో ఇలాంటి సంగతి ఒకటి దొరికితే ఊరికే పోనివ్వరు. లోవరాజు రోడ్డు మీద కనపడితే చాలు, అరటి గెల మోస్తున్నవాడు కూడా ఆగి, "ఒరే లోవా, ఇది ఏం రంగురా?" అనేవాడు. స్టూడియో ఎదురుగా టీకొట్టు గవర్రాజుది. అతను గ్లాసు అందిస్తూ, "ఇది టీ. నీలంగా కనపడితే చెప్పు, మార్చి ఇస్తాను" అనేవాడు. వరసకి బావ కాబట్టి లోవరాజు పడేవాడు.

అప్పటినుంచి అతనికి పరీక్షల పిచ్చి పట్టింది. స్టూడియోలో ఒక గుమ్మడికాయ పెట్టేవాడు, కేలండర్లో లక్ష్మీదేవిని పెట్టేవాడు, తన లుంగీ విప్పి కుర్చీ మీద పరిచేవాడు. కాస్త తీసి, వెనక్కి తిప్పి, టీవీలో చూసేవాడు. నచ్చకపోతే మీటలు మార్చి మళ్ళీ అక్కడే తీసేవాడు. కేసెట్టు దండగ కాకూడదని ఒక పరీక్ష మీద ఇంకో పరీక్ష. మీటలు జరిపేటప్పుడు మూడూ ఒకేసారి జరిపేవాడు. బొమ్మ బాగుపడితే దేనివల్ల బాగుపడిందో తెలిసేది కాదు. పాడైతే దేనివల్ల పాడైందో అంతకన్నా తెలిసేది కాదు.

మాస్టారు కుర్చీలో కూర్చుని చూసేవారు.

"ఒక్కటే మార్చి చూడరా."

"టైము పడుతుందండి మాస్టారూ."

"మూడు మారిస్తే పట్టట్లేదా?"

లోవరాజు నిజమేనన్నట్టు తల ఊపి, మూడూ జరిపేవాడు.

ఈ పరిస్థితిలో బుల్లెబ్బాయి వచ్చి పడ్డాడు.

బుల్లెబ్బాయి పూల మార్కెట్లో వేలం పాడించే మనిషి. పొద్దున్నే బంతి, చేమంతి, కనకాంబరం బుట్టలు దిగాక, తిరగేసిన బుట్ట మీద నిలబడి కేకేసేవాడు. ఆ కేక ఏటి అవతలికి వినపడుతుందని అతనే చెప్పేవాడు. అవతలివాళ్ళని అడిగితే, వినపడక చస్తామా అనేవారు. ఇంట్లో కూడా అదే గొంతు. చారులో ఉప్పు తక్కువైందన్న సంగతి భార్య మంగాయమ్మకన్నా ముందు వీధికి తెలిసేది.

ఆ గొంతులో పుండు లేచింది. కాకినాడలో చూపిస్తే, గొంతు తీసేస్తే గానీ మనిషి దక్కడన్నారు. మనిషి ఉంటాడు, మాట ఉండదు. ఆపరేషనుకి రోజు కూడా ఇచ్చారు.

బుల్లెబ్బాయి కూతురు సీతాలు అప్పుడు నెలలు నిండి పుట్టింట్లో ఉంది. పుట్టబోయే బిడ్డకి తాత ఉంటాడు గానీ తాత గొంతు ఉండదు. ఈ ఆలోచన వచ్చాక బుల్లెబ్బాయి అన్నం మానేశాడు. మూడో పూటకి మళ్ళీ తిన్నాడు, తిని మాస్టారి దగ్గరికి వచ్చాడు.

"మాస్టారూ, నన్ను ఒకసారి కేసెట్లోకి ఎక్కించాలి. ఆ బిడ్డకి నేనెలా మాట్లాడేవాడినో తెలియాలి." ఈ రెండు ముక్కలకే గొంతు గరగరలాడింది.

"ఎక్కిద్దాం. ఇప్పటినుంచీ నోరు కట్టుకో. ఉన్నదంతా దానికోసం దాచుకో" అన్నారు మాస్టారు.

ఆ వారం బుల్లెబ్బాయి నోరు విప్పలేదు. నీళ్ళు కావాలంటే బొటనవేలు చూపించాడు, కోపమొస్తే చెంబు దొర్లించాడు. మంగాయమ్మ కాపరానికి వచ్చాక తన మాట చివరిదాకా చెప్పగలిగింది ఆ వారమేనని వీధిలో అనుకున్నారు. ఆవిడ మాత్రం ఎక్కువేమీ మాట్లాడలేదు.

కాకినాడ బయల్దేరే రోజు పొద్దుట తీయాలని అనుకున్నారు. సరిగ్గా అదే రోజు ఏటి అవతల చర్చిలో ఒక పెళ్ళి పడింది. లోవరాజుని పంపుతానంటే ఆ పెళ్ళివారు ఒప్పుకోలేదు. నీలం చీర సంగతి ఏరు దాటడానికి పడవ అక్కర్లేకపోయింది. మాస్టారు పాత కెమెరా చంకన పెట్టుకుని తనే బయల్దేరారు.

వెళ్తూ గుమ్మంలో ఆగారు.

"లోవా, ఆయన రాకముందే అన్నీ చూసి పెట్టుకో. వచ్చాక మీట ముట్టుకోకు. కూర్చోబెట్టు, నొక్కు."

"ఆయ్, అలాగేనండి."

లోవరాజు అన్నీ చూసి పెట్టుకున్నాడు కూడా. అబద్ధమెందుకు. తన అరచెయ్యి పెట్టుకుని చూసుకున్నాడు, బాగానే ఉంది. ఇంతలో బుల్లెబ్బాయి దిగాడు. మంగాయమ్మ అతనికి కొత్త చొక్కా తొడిగి తీసుకొచ్చింది. దానిమ్మ పువ్వు రంగు చొక్కా.

ఆ రంగు చూసి లోవరాజు బెదిరిపోయాడు. కేసెట్టు మీద ఎరుపు నిలవదు. అంచులు దాటి పక్కకి కారుతుంది. నీలం చీర తర్వాత ఎర్ర చొక్కా కూడానా అనుకున్నాడు. టీ ఇవ్వడానికి వచ్చిన గవర్రాజు, గ్లాసులు బల్ల మీద పెట్టి, వెళ్ళకుండా గోడకి చేరగిలబడ్డాడు. అతన్ని చూస్తే లోవరాజుకి ఇంకా భయమేసింది.

బుల్లెబ్బాయి కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. సీతాలు పొట్ట మీద చెయ్యేసుకుని తలుపు దగ్గర నిలబడింది.

"ఏదో ఒకటి మాట్లాడండి బాబాయ్, బొమ్మ చూసుకుంటాను" అన్నాడు లోవరాజు.

బుల్లెబ్బాయి మంగాయమ్మ వైపు చూశాడు. ఆవిడ తలూపింది. వారం రోజులు దాచుకున్న మనిషి. కుర్చీలోంచి లేచాడు, చెయ్యెత్తాడు.

"రండయ్యా రండి! ఇవాళ మా ఇంటి బుట్టలో ఒక్కటే పువ్వు! ఇంకా విచ్చలేదు, రంగు తెలీదు, జాతి తెలీదు, వాసన మాత్రం అప్పుడే ఊరంతా కొట్టేసింది! ఎవరు పాడతారు? ఏటవతలి షావుకారు పాడాడు, తోట రాసిస్తానన్నాడు. నీ తోటలో పాములున్నాయి, చాలదు! పట్నం షావుకారు పాడాడు, లారీ ఇస్తానన్నాడు. దాని టైర్లు అరిగిపోయాయి, మాకొద్దు! గోదారమ్మ పాడింది, నా లంకలన్నీ ఇస్తానంది. తల్లీ, వరదొస్తే మళ్ళీ నువ్వే పట్టుకుపోతావు, నీ మాట నమ్మం! ఒకటోసారి! రెండోసారి! మూడోసారి! అమ్మేది లేదు! ఇది ఇంటి సరుకు! వెళ్ళండి, వెళ్ళండి, ఎవరి బుట్టలు వాళ్ళు ఎత్తుకోండి!"

ఆ గొంతు పాత గొంతే. వీధిలో పోయేవాళ్ళు ఆగారు. సీతాలు నవ్వుతూనే పైటతో కళ్ళు ఒత్తుకుంది. గవర్రాజు గోడ వదిలి చప్పట్లు కొట్టాడు.

"ఎక్కిందా బాబూ?" అని అడిగింది మంగాయమ్మ.

లోవరాజు టీవీకి మొహం ఆనించి ఉన్నాడు.

"ఇది పరీక్ష పిన్నీ. చొక్కా కారుతోంది."

కేసెట్టు మొదటికి తిప్పాడు. మూడు మీటలు జరిపాడు.

"ఇంకోసారి బాబాయ్. కాస్త చాలు."

బుల్లెబ్బాయి మళ్ళీ లేచాడు. "రండయ్యా రండి" అని మొదలుపెట్టి షావుకారు దగ్గరికి వచ్చేసరికి లోవరాజు ఆపమన్నాడు. చొక్కా కారడం తగ్గింది గానీ మొహం బూడిద రంగుకి తిరిగింది. మళ్ళీ వెనక్కి, మళ్ళీ మీటలు. ఈసారి మొహం బాగుంది, చొక్కా కాషాయమైంది. అతను మంచివాడే. కష్టపడి చేస్తున్నాడు. నుదుటి మీద చెమట మెరుస్తోందని లైటు ఎడమకి జరిపాడు. వెనక గోడకి దుప్పటి కట్టాడు.

"ఇందాక చెప్పింది చాలదా అబ్బాయ్?" అన్నాడు బుల్లెబ్బాయి. గొంతులో ఇసక పడ్డట్టుంది.

"జన్మంతా ఉండాల్సిన బొమ్మ బాబాయ్. కొంచెం ఓపిక పట్టండి."

"చొక్కా విప్పించెయ్యరా, నీ పీడా వదులుతుంది, ఆయన పీడా వదులుతుంది" అన్నాడు గవర్రాజు.

ఎవరూ నవ్వలేదు. మంగాయమ్మ వేణ్ణీళ్ళు పట్టించింది. బుల్లెబ్బాయి ఇంకోసారి చెప్పాడు. ఇంకోసారి. అతనికి పరీక్షకి ఒక గొంతు, అసలుకి ఒక గొంతు లేవు. కూర్చోమన్నప్పుడు కూర్చున్నాడు, లెమ్మన్నప్పుడు లేచాడు, లేచిన ప్రతిసారీ ఉన్నదంతా పెట్టి అరిచాడు.

ఎట్టకేలకి కుదిరింది. టీవీలో చొక్కా దానిమ్మ పువ్వు రంగులో నిలిచింది. అంచు దాటలేదు, వన్నె తగ్గలేదు. లోవరాజు కేసెట్టు మళ్ళీ మొదటికి తిప్పాడు.

"కుదిరింది బాబాయ్! ఇప్పుడు అసలుది. మొదట్నించీ మొత్తం చెప్పండి."

బుల్లెబ్బాయి చెయ్యెత్తాడు. నోరు తెరిచాడు. గాలి వచ్చింది.

మెడ పట్టుకుని మళ్ళీ ప్రయత్నించాడు. నీళ్ళు తాగి మళ్ళీ చూశాడు. చివరికి లెన్సుకి దగ్గరగా వంగి, "తాతనమ్మా... నేను తాతని" అన్నాడు. అది మాట కాదు, ఊపిరి. ఆ తర్వాత అదీ రాలేదు. కెమెరాకి దణ్ణం పెట్టాడు.

లోవరాజు మీట నొక్కి ఆపాడు.

గవర్రాజు తన గ్లాసులు తీసుకోకుండానే బయటికి వెళ్ళిపోయాడు. నోట్లో మాట లేకుండా గవర్రాజు ఒక గుమ్మం దాటడం మా లంకలో అంతకుముందు ఎవరూ చూడలేదు.

బొమ్మ ఎలా వచ్చిందని బుల్లెబ్బాయి చేత్తో అడిగాడు. లోవరాజు టీవీ అతని వైపు తిప్పాడు. బుల్లెబ్బాయి వంగి చూశాడు. తన చొక్కా కాలరు చేత్తో పట్టుకుని టీవీలో చొక్కా పక్కన పెట్టి పోల్చి చూసుకున్నాడు. అదే రంగు. బాగుందన్నట్టు తలూపి, లోవరాజు భుజం తట్టాడు.

మధ్యాహ్నం బస్సుకి వాళ్ళు కాకినాడ వెళ్ళిపోయారు.

మాస్టారు రేవులో పడవ దిగేసరికే సంగతి ఆయన్ని చేరింది. చెప్పడానికి జనం పోటీ పడ్డారు. ఎవరికి తోచినట్టు వాళ్ళు చెప్పారు, అందరూ నిజమే చెప్పారు. ఆయన స్టూడియోకి వచ్చేటప్పటికి దీపాలు పెట్టే వేళయింది. లోవరాజు లోపల దీపం వేసుకోకుండా నేల మీద కూర్చుని ఉన్నాడు. పొద్దుట్నించీ బయటికి రాలేదు, కిటికీ కూడా తియ్యలేదు.

"వెయ్యి" అన్నారు మాస్టారు.

లోవరాజు కేసెట్టు వేశాడు. మాస్టారు శుక్లాల కళ్ళు చికిలించి టీవీ దగ్గరగా జరిగారు. దానిమ్మ పువ్వు చొక్కా నిండుగా కనపడింది. నోరు కదిలింది. "తాతనమ్మా... నేను తాతని." దణ్ణం. ఆ పైన తెర మీద చుక్కలు.

లోవరాజు ఆపడానికి చెయ్యి చాపాడు. మాస్టారు ఆ చెయ్యి పట్టుకున్నారు. తీసిన కేసెట్టు ఏదైనా ఆయన ఖాళీ వచ్చేదాకా చూస్తారు.

చుక్కలు చెదిరాయి. ఉన్నట్టుండి గది దద్దరిల్లింది.

"...మూడోసారి! అమ్మేది లేదు! ఇది ఇంటి సరుకు! వెళ్ళండి, వెళ్ళండి, ఎవరి బుట్టలు వాళ్ళు ఎత్తుకోండి!"

సీతాలు నవ్వు వినపడింది, చప్పట్లు వినపడ్డాయి. "ఎక్కిందా బాబూ?" అని మంగాయమ్మ గొంతు. తర్వాత ఏమీ లేదు.

మొదటి పరీక్ష అన్నిటికన్నా పొడుగైంది. దాని మీద తీసినవన్నీ పొట్టివి. అవి తినగా చివర ఆ కాస్త మిగిలింది.

"ఇది బిడ్డకి చేరాలి" అన్నారు మాస్టారు. లోవరాజు వైపు తిరిగారు. "దీనికి ముందు ఏమన్నాడు?"

"అది మొదటి సెట్టింగండి మాస్టారూ. ఎరుపు కారుతోందని..."

"ఏమన్నాడు అని అడిగాను."

లోవరాజు టీవీ తెర వైపు చూశాడు.

మాస్టారు లేచి లైటు వేశారు. కెమెరాలో వేరే కేసెట్టు పెట్టారు. ఏ మీటా ముట్టుకోలేదు.

"ఆ కుర్చీలో కూర్చో."

లోవరాజు కూర్చున్నాడు. పొద్దుట బుల్లెబ్బాయి కూర్చున్న కుర్చీ అది.

"చివరి ముక్క మిగిలింది. మొదటి ముక్క ఎవరో ఒకరు చెప్పాలి ఆ బిడ్డకి. అందరికన్నా దగ్గరగా ఉన్నది నువ్వు. చెప్పు."

మీట నొక్కారు. కెమెరా మీద ఎర్ర చుక్క వెలిగింది.

లోవరాజు నోరు తెరిచాడు. చొక్కా ఏ భుజం దగ్గర ఎక్కువ కారిందో అతను చెప్పగలడు. నుదుటి మీద చెమట ఎంత మేర మెరిసిందో, లైటు ఎంత జరిపితే పోయిందో చెప్పగలడు. ఆ మనిషి చెయ్యెత్తినప్పుడు చంక కింద మడత ఎలా పడిందో కూడా చెప్పగలడు. నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు.

లైటు మొహం మీద పడుతోంది. అందులో దాక్కోవడానికి చోటు లేదు. ఎర్ర చుక్క వెలుగుతూనే ఉంది. మాస్టారు ఆపలేదు.

రోడ్డు అవతల టీకొట్టు నిండుగా ఉంది. మూసిన కిటికీలోంచి గవర్రాజు గొంతు వినపడుతోంది. "...లారీ ఇస్తానన్నాడట! దాని టైర్లు అరిగిపోయాయి, మాకొద్దు అన్నాడు!" బెంచీల మీద జనం నవ్వారు. ఎవరో ఆడమనిషి, అబ్బాయ్, గోదారమ్మ ముక్క మళ్ళీ చెప్పు అని అడిగింది. సాయంత్రం అయ్యేసరికి ఊళ్ళో సగం మందికి అది నోటికి వచ్చేసింది.

"నేను వినలేదు మాస్టారూ" అన్నాడు లోవరాజు. ఆ మాట కూడా కేసెట్లోకి ఎక్కింది.

మాస్టారు మీట నొక్కి ఆపారు. లైటు తీసేశారు.

"లే" అన్నారు మాస్టారు. "అక్కడికి వెళ్ళి కూర్చో."

లోవరాజు అలవాటు కొద్దీ కెమెరా వైపు చెయ్యి చాపాడు.

"అది ఇక్కడ ఉంటుంది."

లోవరాజు రోడ్డు దాటాడు. అతన్ని చూడగానే బెంచీల మీద మాటలు ఆగిపోయాయి. గవర్రాజు ఏదో అనబోయి, మొహం చూసి మానుకున్నాడు. ఒకాయన జరిగి చోటిచ్చాడు. లోవరాజు కూర్చున్నాడు.

"మొదట్నించీ చెప్పు బావా."

గవర్రాజు చేతిలో గ్లాసు కింద పెట్టాడు. భుజం మీది తువ్వాలు తీసి పక్కన పడేశాడు. చెయ్యెత్తాడు.

"రండయ్యా రండి..."

లోవరాజు తల ఎత్తలేదు. గవర్రాజు ఒక్కో ముక్క అంటూంటే అతని పెదాలు కదులుతున్నాయి.